బొటనవేలంత సందు

ఆ వేసవి ఉదయం తాయారమ్మ వరండాలో మంచం మీద కాళ్ళు జాపుకుని టీ తాగుతోంది. ఆమె గదిలో సామానంతా కోడలు భ్రమరాంబ తెల్లారేసరికే బయటికి చేరవేసింది. ఆ హిందీ ఊళ్ళో, గుఢియారి పేటలోని ఆ ఇంట్లో నేలంతా చల్లటి ఫర్సీ రాతిబండలే. పోయిన చలికాలం ఆ రాతి మీద అడుగు పెట్టలేక అత్తగారు మోకాళ్ళు పట్టుకుని ఏడవడం భ్రమరాంబ చూసింది. ఉర్లాలో తను పనిచేసే ఫ్యాక్టరీ ఆఫీసులో బోనస్ రాగానే ఆ గదికి చెక్కనేల వేయించాలని పట్టుబట్టింది.

"రాతికి ఒక్క మేకు కూడా కొట్టరు అత్తయ్యా. పల్చటి ఫోమ్ షీటు పరిచి, దాని మీద పలకల్ని ఒకదానిలో ఒకటి దించేస్తారు. అంతే!"

"నాకోసం ఇంత ఖర్చేటమ్మా!" అంది ఆవిడ, మురిసిపోతూనే.

మామగారు మల్లేశ్వరరావు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చెక్కలు పరుస్తున్న మిస్త్రీ పనిని గమనిస్తున్నారు. ముప్పై ఏళ్ళు రైల్వే వ్యాగన్ షాపులో వడ్రంగం చేసిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, కుడిచేతికి వణుకు మిగిలిపోయింది.

మిస్త్రీ చివరి వరసని గోడకి బిగించబోతుంటే ఆయన గభాల్న లేచారు.

"అరే, రుకో! అమ్మాయ్, గోడకి ఆనించొద్దని చెప్పు. చుట్టూ బొటనవేలంత సందుండాల. వానల్లో చెక్క ఉబ్బుతాది."

"కుఛ్ నహీ హోగా బాబూజీ," ఏమీ కాదులే అని మిస్త్రీ నవ్వేశాడు.

ఆయన అతని చేతిలోని కొయ్యసుత్తి అందుకోబోయారు. అది పట్టు జారి కొత్త పలక మీద పడింది. పలక సొట్టపోయింది. భ్రమరాంబకి ప్రాణం చివుక్కుమంది.

"ఇది మీ వ్యాగన్ షాపు కాదు మామయ్యా! సుత్తి పట్టుకోలేని చేత్తో మీకెందుకీ పని?"

అనేశాక తన మాట తన చెవికే కటువుగా తోచింది. ఆయన మెల్లగా పెరట్లోకి వెళ్ళిపోయారు. మిస్త్రీ ఆ వరసని గోడకి ఆనించే బిగించేశాడు.

"నాన్ననేటన్నావు? అన్నం కూడా ముట్టలేదట," అని సాయంత్రం సిల్తారా నుంచి డ్యూటీ దిగి వచ్చిన భర్త సూరిబాబు నిలదీశాడు. భ్రమరాంబ తల వంచుకుంది. క్షమించమని అడగడానికి రెండుసార్లు వరండా దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆ రోజు నుంచీ ఆయన ఆ గదిలో అడుగు పెట్టలేదు.

జూలైలో వారం రోజులు విడవకుండా వాన కురిసింది. ఒక ఉదయం గదిలోంచి తాయారమ్మ కేక వినిపించింది. చెక్కలన్నీ గది నడిమికి ఉబ్బి లేచిపోయాయి. కాలు తట్టుకుని ఆవిడ తూలి, మంచం పట్టుకుని నిలదొక్కుకుంది. కబురంపినా మిస్త్రీ రాలేదు. అంతా పీకి పారేద్దామన్నాడు సూరిబాబు.

భ్రమరాంబ తిన్నగా వెళ్ళి మామగారి కుర్చీ పక్కన నేల మీద కూలబడింది.

"మీరు చెప్పిందే జరిగింది మామయ్యా. ఆ రోజు అంత మాట అనకుండా ఉండాల్సింది."

"చేతినన్నావని బాధ కాదమ్మా," అన్నారాయన. "చెయ్యి పోయినా నా పనితనం ఇంట్లో ఎవరికైనా పనికొస్తాదనుకున్నాను. అదీ అక్కర్లేదనిపించింది."

భ్రమరాంబ వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడిస్తే చెక్క దిగదు గానీ, లే. నా పెట్టెలోంచి ఉలి తే."

గోడ వెంబడి అంచుని కప్పే చెక్క పట్టీలు ఆమెచేత ఊడదీయించారు. ఆయన వేలు పెట్టి చూపిస్తుంటే ఆమె గీత గీసింది. గీత వెంట ఉలి పెట్టి అంచులు చెక్కింది. "అంత గట్టిగా కొట్టకు, చీలిపోతాది," అని ఒకసారి కసిరారు కూడా. ఆ కసురు ఆమెకి ఎంతో హాయిగా అనిపించింది. మధ్యాహ్నానికి చుట్టూ సందు పడగానే నేల టక్కున చప్పుడు చేసి కాస్త దిగింది. నాలుగు రోజులకి పూర్తిగా సర్దుకుంది.

పక్కింటి పైడమ్మ వచ్చి చూసి, "మళ్ళీ మిస్త్రీని పిలిచారా?" అని అడిగింది.

"మిస్త్రీ ఎందుకు? మా కోడలే చేసినాది," అన్నారు మల్లేశ్వరరావు. భ్రమరాంబ వైపు తిరిగి, "వచ్చే ఏడు ముందుగదికి కూడా చెక్కనేల వేసేద్దామేటమ్మా? మనిద్దరమే?" అన్నారు.

భ్రమరాంబ ఆయన దగ్గరికి వచ్చి, వణుకుతున్న ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్ళకి అద్దుకుంది.