జయకుమారి వయసు కాగితం

పత్తి తీతకు కూలీలను పిలవడానికి పొద్దున్నే బయల్దేరిన తోమా, చనిపోయిన తమ్ముడి ఇంటి ముందు ఆగిపోయాడు. ఆదివారం కాకపోయినా మరదలు రెబ్కా తెల్లచీర కట్టుకుంది. ఆమె కూతురు జయకుమారి సంచిలో కాగితాలు సర్దుతోంది.

"ఎక్కడికమ్మా ప్రయాణం?"

"గుంటూరుకు బావగారూ. అమ్మాయికి నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. బళ్లో పుట్టిన తేదీ తప్పుగా రాశారు, వేరే రుజువు లేదుగా. నేను నోటరీ ముందు ప్రమాణం చేసి కాగితం తేవాలంట."

తోమా మొహం ఎర్రబడింది. తమ్ముడు జక్రయ్య పోయాక ఆ ఇంటి మంచిచెడ్డలు తనే చూస్తున్నాడు. అమ్మాయికి వేటపాలెం సంబంధం మాట్లాడి వచ్చిందీ తనే.

"ఒక్కమాట నాతో అనాలనిపించలేదా? ఊరుకాని ఊళ్లో పరాయి మగాళ్ల పుళ్లు కడుగుతూ బతకాలా నా తమ్ముడి కూతురు? రేపు దాన్నెవడు చేసుకుంటాడు?"

"పెదనాన్నా, నేనే..."

"నువ్వూరుకో!"

రెబ్కా గొంతు పెంచలేదు. "మశూచి వచ్చి మీ తమ్ముడు ఆసుపత్రిలో పడి ఉంటే మనవాళ్లెవరూ ఆ గుమ్మం దాటలేదు. ఆఖరిసారి ఆయన నోట్లో నీళ్లు పోసింది ఒక నర్సమ్మ. ఎవరి కన్నబిడ్డో! ఆవిణ్ణెవరు చేసుకుంటారని మనం అడిగామా బావగారూ?"

తోమా కండువా దులుపుకుని విసురుగా వెళ్లిపోయాడు.

చేలోకైతే వెళ్లాడు గానీ మనసు అక్కడ లేదు. ఎండ ఎక్కేసరికి పని మేస్త్రీకి అప్పగించి, చిలకలూరిపేటలో గుంటూరు బస్సెక్కాడు.

కోర్టు దగ్గర నోటరీ వకీలు ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్లేసరికి తల్లీకూతుళ్లు అరుగు మీద దిగాలుగా కూర్చుని ఉన్నారు. గుమాస్తా గట్టిగా చెబుతున్నాడు: "నువ్వు ఫలానా అని ఎరిగినవాళ్లెవరైనా చెప్పాలమ్మా. లేకపోతే అయ్యగారు ముద్ర వెయ్యరు. రేపు మీ ఊరినుంచి ఎవర్నైనా తీసుకురా."

"ఈ రోజుతో గడువైపోతుందయ్యా."

అంతలో రెబ్కా తోమాను చూసింది. చూసింది గానీ నోరు తెరిచి అడగలేదు.

తోమా మెట్లెక్కాడు. "నేనున్నా బాబూ, నేనెరుగుదును." ఆ పైన జయకుమారి వైపు తిరిగి, "వేటపాలెం వాళ్లకు నేను చెప్పుకుంటాలేమ్మా," అన్నాడు.

లోపల వకీలు కాగితం తెలుగులో చదివి వినిపించాడు. "ఈ తేదీ నిజమేనా అమ్మా?"

"క్రిస్మస్ వెళ్లిన మూడోనాడు కన్నానండి. కన్నతల్లిని, మరిచిపోతానా?"

గుమాస్తా వేలిముద్ర కోసం సిరాదిమ్మ జరిపాడు. రెబ్కా కలం అడిగి తీసుకుంది. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని తన పేరు రాసింది. తోమా కళ్లప్పగించి చూశాడు.

"ఎప్పుడు నేర్చావమ్మా?"

"అమ్మాయే నేర్పింది బావగారూ."

వకీలు తోమాను అడిగాడు: "ఈమె మీకేమవుతుంది?"

"మరదలండి," అన్నాడు తోమా. "మా ఇంటికి పెద్దదిక్కండి."

అతను వేలిముద్ర వేశాడు. వకీలు ముద్ర కొట్టాడు. బయటికొచ్చాక జయకుమారి తన ఓణీ చెంగుతో పెదనాన్న వేలికంటిన సిరా తుడవబోయింది.

తోమా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఉండనీ తల్లీ," అన్నాడు కన్నీళ్లతో.