మామగారి ప్రాక్సీ

టీ చల్లారిపోయింది గానీ కోడలి తల మాత్రం వేడెక్కిపోయింది. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్లు తెచ్చి అమర్చే ప్యాకేజీ మేనేజర్‌ది పొద్దున్నుంచీ ఒకటే పాట: "సర్వర్ అందడం లేదు." మధ్యాహ్నంలోగా కొత్త పని పై అధికారికి చూపించకపోతే ఆమె ఉద్యోగం పర్మనెంట్ కాదు.

కారణం తెలియక కాదు. నెట్‌వర్క్ ఇంజినీరుగా రిటైరైన మామగారు నిన్న మూలగదిలో ఒక పాత కంప్యూటర్‌ని ప్రాక్సీగా కూర్చోబెట్టారు. ఇక ఇంట్లోంచి నెట్ బయటికి వెళ్లాలంటే దాని గుండానే వెళ్లాలి. బ్రౌజర్‌లో ఆ మార్పు ఆయనే చేశారు. ప్యాకేజీ మేనేజర్‌కి మాత్రం ఎవరూ చెప్పలేదు.

"మామయ్యా, నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"ఒక్క లైను రాసుకుంటే సరిపోతుందమ్మా. అడిగితే చెప్పేవాణ్ణిగా!"

"నా ఉద్యోగం మీకు కాలక్షేపమా? ఈ ఇంట్లో నెట్ వాడాలన్నా మీ అనుమతి కావాలా?"

ఆయన మొహం చిన్నబోయింది. ఆమె విసవిసా తన గదిలోకి వెళ్లింది. కాస్త చల్లబడ్డాక, అంత మాట అనకుండా ఉండాల్సిందనిపించింది. పోనీలే, పెద్దాయన ముచ్చట అనుకుని, సెట్టింగుల ఫైలు తెరిచి ప్రాక్సీ చిరునామా రాసింది. మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి ఇంకో తిట్టు: "ప్రాక్సీ పలకడం లేదు."

"అత్తయ్యా, ఇక నావల్ల కాదు! మామయ్య ప్రాక్సీ చిరునామా రాసుకున్నా, అది పలకడం లేదు!"

అత్తగారు మూలగదిలోకి తొంగిచూసి నెత్తి కొట్టుకున్నారు. వైర్లన్నీ పీకేసి, కంప్యూటర్ మీద దుప్పటి కప్పి కూర్చున్నారాయన.

"తీసేశాను. అమ్మాయికి అడ్డెందుకు?"

"బాగుంది సంబడం! ఆ పిల్ల ఇప్పుడే మీ దారికొస్తే, మీరు ఆ దారే మూసేశారు. ఇద్దరికీ మంచితనం ఉంది గానీ నోరే లేదు! అసలు ఆ డబ్బా ఎందుకు పెట్టారో అదన్నా చెప్పి ఏడవండి."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "రోజూ అవే ప్యాకేజీలు దించుకుంటూ, నెట్ నత్తనడకని తల పట్టుకుంటోంది కదా. ఒకసారి వచ్చినవి ఇది దాచుకుని, అడగ్గానే ఇస్తుంది. తనకి కావాల్సినవి దించిపెట్టాను కూడా. చూసి సంతోషిస్తుందని చెప్పలేదు."

గుమ్మంలో నిలబడ్డ కోడలి కళ్లు నిండిపోయాయి. వచ్చి దుప్పటి తీసింది.

"ఏ వైరు ఎక్కడ పెట్టాలి, మామయ్యా?"

"ముందు ఆ నీలం వైరు ఇలా ఇవ్వమ్మా."

ఈసారి తిట్లు లేవు. ప్యాకేజీలన్నీ గబగబా వచ్చి కూర్చున్నాయి. ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా మంచి చేయకండి."

"నువ్వూ చెప్పకుండా సర్దుకోకు" అన్నారాయన.