ముప్పావు దగ్గర ఆగిన ముల్లు

ఎనభైఆరు వేసవి. మంగతాయారు వాకిట్లో ముగ్గు వేస్తుండగా ఉమామహేశ్వరం తన పాత అంబాసిడర్‌లో తాళం తిప్పి మీటరు చూశాడు. నిన్న సాయంత్రం నిండుగా పోయించిన పెట్రోలు. ముల్లు ముప్పావు దగ్గరుంది.

“మళ్ళీ పెట్రోలు తీశారే!”

“ఎవరండీ?” ఆమె ముగ్గుగిన్నెతోనే లేచింది. “మా తమ్ముణ్ణి దొంగని చేసి గెంటేసి ఇరవై రోజులైంది. ఇప్పుడెవరిమీద పెడతారు?”

“వాడి చొక్కా పెట్రోలు కంపు కొడుతోందని నాకు చూపించింది నువ్వే కదా!”

మూడేళ్ళుగా ఇంట్లోనే ఉంటూ కారు నడిపిన ఆమె తమ్ముడు అమ్మిరాజు బట్టలసంచి డిక్కీలో ఉండేది. ఆ వాసనే అతని నేరానికి రుజువైంది.

కబురందుకున్న మెకానిక్ జేవియర్ కారు కిందికి దూరాడు. “అడుగున చుక్క తడి లేదండి.”

“ప్రతిసారీ ముప్పావు దగ్గరే ఎందుకాగుతోంది? దొంగకి ఆ లెక్క దేనికి? ట్యాంకు పైభాగం చూడు” అంది మంగతాయారు.

“అమ్మగారు షెడ్డు పెడితే నేను చేపలమ్ముకోవాలండి బాబూ!”

మళ్ళీ నిండా పోయించి తెచ్చారు. మంగతాయారు డిక్కీ తెరిచి, అందులోని ట్యాంకు అతుకు వెంట పొడిముగ్గు అద్దింది. కాసేపటికి ఆ తెలుపులో వెంట్రుకంత తడిగీత సాగింది. కారింది కారినట్టే వేసవి వేడికి డిక్కీలోనే ఆవిరైపోతోంది, కింద చుక్క పడటంలేదు. యానాంలో చవకని ప్రతిసారీ మూతిదాకా పోయించింది ఉమామహేశ్వరమే. సగమే పోయిస్తే పెట్రోలు ఆ పగులును అందుకునేది కాదు. చొక్కాకు వాసన పట్టేది కాదు. దొంగ అన్న మాట పుట్టేది కాదు.

జేవియర్ కొంత పెట్రోలు డబ్బాలోకి తీసి, పగులుకు సబ్బు మెత్తాడు. “పద, మీ తమ్ముణ్ణి తీసుకొద్దాం” అన్నాడు ఉమామహేశ్వరం.

యానాం దగ్గరి అడవిపొలం ఊళ్ళో అమ్మిరాజు చేపల పెట్టెలు మోస్తున్నాడు. బావ అతని చేతులు పట్టుకున్నాడు. “తప్పు నాదేరా. ఇంటికి రా.”

“మీ మీద కోపం లేదు బావా.” అక్కవైపు తిరిగాడు. “చొక్కా ఆయనకి చూపించే ముందు, ఏంట్రా ఇదని నన్నొక్కసారి అడగాల్సిందక్కా.”

అతను పెట్టె భుజానికెత్తుకున్నాడు.

“ట్యాంకు మార్చేదాకా నిండా పోయించకండి బావా. వెనకసీట్లో అక్క కూర్చుంటుంది.”

తిరుగుదారిలో మంగతాయారు పమిటకొంగు ముఖానికి అదుముకుని ఏడ్చింది. కొంగు నిండా పెట్రోలు వాసన. ఇన్నాళ్ళూ అది తన చీరలకూ పట్టే ఉంటుంది. వాటినెవరూ వాసన చూడలేదు.