ముసలిది తిండి మానేసింది

ఆ పొద్దున అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని హాల్లోకి వస్తూ, కోడలి చిన్నగది ముందు ఆగింది. పనిగట్టుకుని ఆగలేదు, కాఫీ మరీ వేడిగా ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊరందరి మాటలూ చెవిన పడుతున్నా, ఒక్కటీ మనసులో పెట్టుకోని మనిషి ఆవిడ. కానీ అవి పరాయివాళ్ళ మాటలు.

"ముసలిది తిండి మానేసిందండీ," అంటోంది కోడలు ఫోన్లో. "పెట్టింది పెట్టినట్టే ఉంటోంది, తీసి పారేస్తున్నా. దగ్గరికెళ్తే చాలు, మీదికొస్తోంది."

అత్తగారు తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"అందుకే వేరే ఏర్పాటు చేస్తున్నా. పెద్దదెందుకు? అది తిరిగేదెంత, ఓ మూల పడుంటుంది. ఎత్తు మాత్రం తక్కువుండాలి. ఎక్కి జారిపడిందంటే ఇక అంతే సంగతులు. మా ఆయనా? ఆయన దాని జోలికే రారు. ఆదివారం మార్చేస్తా."

కాఫీ ఒలికి కాలిమీద పడ్డా ఆవిడకు తెలియలేదు. ముసలిదట! 'అది' అట! నిన్నటిదాకా 'అత్తయ్యా, అత్తయ్యా' అని నోరారా పిలిచిన పిల్ల! తిండి మానేసిన మాట నిజమే. ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోవడానికి నామోషీ. చిరాకుపడిన మాటా నిజమే. అంతమాత్రానికే ఇల్లు మార్చేస్తారా? ఆవిడ గదిలోకి వెళ్ళి, చీరలూ కళ్ళజోడూ భర్త ఫోటోనూ సంచిలో కుక్కుకుని బయటికొచ్చింది.

గడ్డానికి సబ్బునురగతో ఉన్న కొడుకు ఎదురయ్యాడు. "ఎక్కడికమ్మా?"

"మీ ఆవిణ్ణడుగు. ఎత్తు తక్కువ గది చూసిందట నాకు. ఓ మూల పడుండాలట."

అప్పుడే గదిలోంచి బయటికొచ్చిన కోడలు తెల్లబోయింది. "నేనా? ఎప్పుడన్నానత్తయ్యా?"

"ముసలిది తిండి మానేసిందనలేదూ? మీదికొస్తోందనలేదూ? మొగుడు దాని జోలికే రాడనలేదూ?"

కోడలు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. ఆ నవ్వే కొంప ముంచింది.

"నవ్వవే, నవ్వు! నేను పోయాక ఇంకా పగలబడి నవ్వుకో!" అంటూ ఆవిడ వీధితలుపు గొళ్ళెం తీసేసింది.

కోడలు పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "మీ కాళ్ళు పట్టుకుంటా అత్తయ్యా. ముసలిదాన్ని ఒక్కసారి చూసి, అప్పుడు వెళ్ళండి."

సాలీళ్ళంటే ఒళ్ళు జలదరించే అత్తగారు, కోడలు వాటిని పెంచుకునే ఆ చిన్నగదిలో ఏనాడూ అడుగుపెట్టలేదు. లోపల ఒక పక్క కొత్త గాజుపెట్టె, అడుగున పరవడానికి నానబెట్టిన కొబ్బరిపొట్టు, దాక్కోవడానికి చెట్టుబెరడు ముక్క, నీళ్ళకు ఓ చిన్న మూత. పక్కనున్న పాతపెట్టెలో అరచేయంత టరాన్టులా సాలీడు, ఒళ్ళంతా నల్లటి నూగు, వెల్లకిలా పడి ఉంది.

"పెళ్ళికి ముందునుంచీ నాతో ఉంది. అన్నిట్లోకీ పెద్దదని 'ముసలిది' అంటాను," అంటూ వంగి చూసిన కోడలు గొంతు తగ్గించింది. "అయ్యో, మొదలైపోయింది. అడుగు గట్టిగా వెయ్యకండి."

"చచ్చిపోయిందా?"

"లేదు, కుబుసం విడుస్తోంది. అందుకే ఇన్నాళ్ళూ తినలేదు. ఇలాంటప్పుడు కదిలించకూడదు. అలా వదిలెయ్యాలి."

అపార్థం తొలగింది. అయినా అత్తగారి కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు, ఇంకా ఎక్కువయ్యాయి. "పురుగు తినకపోతే ఎవరెవరికో ఫోన్లు చేశావు. నేను తినడం మానేస్తే నీకు తెలిసిందా?"

కోడలు తలదించుకుంది. "తెలిసిందత్తయ్యా. మీ కంచం తీసేది నేనే కదా. అడిగితే కసురుకుంటారని... కదిలించకుండా ఉంటే అదే సర్దుకుంటుందని..."

"మనిషిని కదిలించాలే పిల్లా! మనిషిని అడగాలే!" అని భోరుమంది ఆవిడ. "కొత్త కట్టుడుపళ్ళు గుచ్చుకుంటున్నాయే. ముద్ద నమిలితే ప్రాణం పోతోంది. ఈ వయసులో పళ్ళకోసం ఏడిస్తే నవ్వుతారని నోరు మూసుకున్నా."

కోడలు ఆవిణ్ణి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. కాసేపటికి పెట్టెలో పాత తోలు మెల్లగా విడివడింది.

"కోరలతో సహా విడిచేస్తుందత్తయ్యా. కొత్తవి గట్టిపడేదాకా ఏమీ తినలేదు," అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

"దానికీ పళ్ళ బాధేనా? పాపం పిచ్చిది," అంది అత్తగారు.

"మీరు నోరు తెరవండి, చూస్తాను."

పళ్ళు తీసిన నోరు ఆవిడ ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. గుమ్మంలో నురగ ఆరిపోయిన గడ్డంతో నిలబడ్డ కొడుకుని "నువ్వవతలికి పోరా" అని పంపేసి, పళ్ళు తీసి కోడలి చేతిలో పెట్టి నోరు తెరిచింది.

కోడలు ఫోన్ లైటు వేసింది. చిగురు మీద ఎర్రగా పుండు. "అమ్మో! ఇంత పుండు పెట్టుకునా అత్తయ్యా!" అని గట్టిగా అరిచేసింది.

"అరవకే," అని బోసినోటితో కసిరింది అత్తగారు. "అది ఉలిక్కిపడుతుంది."