పచ్చగా బిగించిన కంకణం

ఉదయం పది కాగానే విశాఖలో అందరూ మణికట్టు చూసుకున్నారు. జీవకంకణం పచ్చగా వెలిగితే పనిలోకి. ఎర్రగా వెలిగితే అంబులెన్సును అదే పిలుస్తుంది. డాక్టర్లు చెయ్యి వేసి చూడటం మానేసి ముప్పై ఏళ్లయింది.

అందుకే డాక్టర్ పైడమ్మకు ఆ రోజు వేషం దొరికింది. కంకణం కంపెనీ ప్రకటనలో పాతకాలపు డాక్టరు. డెబ్బై ఆరేళ్ల ఆవిడ పొట్ట నొక్కి, ఏమీ తేలనట్టు తల గోక్కోవాలి. బల్లమీద పడుకున్న ప్రకటనల నటుడు హేమచంద్ర కంకణం చూపించి నవ్వాలి. ఆ నవ్వు ఆరేళ్లుగా రాష్ట్రంలో ప్రతి గోడమీదా ఉంది.

"చల్లటి చేతులు పెట్టకండి డాక్టరమ్మా, నవ్వొచ్చేస్తుంది," అన్నాడతను.

"రుద్దుకునే వచ్చాను బాబూ. మా మాస్టారు మొదట నేర్పింది అదే."

కెమెరా తిరిగింది. పైడమ్మ రెండు అరచేతులూ ఆనించింది. తల గోక్కోలేదు. బొడ్డుకు కాస్త పైన, లోపల ఏదో కొట్టుకుంటోంది. కొట్టుకున్నప్పుడల్లా ఆమె చేతులు చెరోవైపుకీ జరుగుతున్నాయి.

"నడుం నొప్పుందేటి?"

"వారం నుంచి. ఈ బెల్టు బిగువనుకున్నా."

"అమ్మా, ఆ డైలాగు లేదు!" అరిచాడు దర్శకుడు తారకేశ్.

"డైలాగు కాదు నాయనా. పెద్ద రక్తనాళం ఉబ్బిపోయింది. పగిలితే మనిషి దక్కడు. అంబులెన్సు పిలవండి."

"కంకణం పచ్చగానే ఉందిగా! మీ చేతులెప్పుడో రిటైరయ్యాయమ్మా."

"నాడి ఎంత చూపిస్తోంది?"

"డెబ్బై రెండు."

"నా చేతికింద నూట పన్నెండు కొడుతోంది."

కంపెనీ ఇంజనీరు సుభాషిణి ముందుకొచ్చింది. "సార్... ఆయన కంకణం కొలవదు. ప్రకటనల్లో ఎప్పుడూ పచ్చగా కనిపించాలని మొదటి షూటింగప్పుడే పచ్చరంగు, డెబ్బై రెండు దగ్గర తాళం వేసి బిగించేశాం. విప్పడం మరిచిపోయాం."

ఊరందరికీ ఆరోగ్యం చూపించిన మనిషిని ఆరేళ్లుగా ఎవరూ చూడలేదు.

సుభాషిణి ఆ తాళం తీసింది. కంకణం ఒక్కసారిగా ఎర్రబడింది. నాలుగు నిమిషాల్లో అంబులెన్సు డాబామీద దిగింది. దారి పొడుగునా పైడమ్మ అతని మణికట్టు వదల్లేదు.

శస్త్రయంత్రం రెండున్నర గంటలు కుట్టింది. హేమచంద్ర బతికాడు.

ఆస్పత్రి వరండాలో సుభాషిణి నివేదిక పూర్తిచేస్తోంది. ఒక గడి దగ్గర ఆగింది. జబ్బును మొదట గుర్తించిన పరికరం ఏది? జాబితాలో పదకొండు యంత్రాల పేర్లున్నాయి. గడి ఖాళీగా వదిలితే నివేదిక కదలదు. ఆ జాబితా రాసింది తనే. దాన్ని తెరిచి, పన్నెండో వరుస చేర్చింది.

పక్కనే టీ తాగుతున్న పైడమ్మ తొంగి చూసింది. 'డాక్టర్ పైడమ్మ కుడిచెయ్యి' అని ఉంది.

"రెండూ రాయమ్మా," అందావిడ, నిటారుగా కూర్చుంటూ. "అది ఒక్క చేతికి దొరికేది కాదు."