ఏసీ తుడిచిన గుడ్డ

"యుగంధర్! వజ్రపుకొత్తూరు డయాలసిస్ సెంటర్. విదేశీ ముఠా అక్కడి ఏసీలో విషపు ఫంగస్ పొడి పెట్టిందని అనుమానం. ఎనిమిది మంది కిడ్నీ పేషెంట్లు. పదింటికి ఏసీ వేస్తారు. పొడి పీలిస్తే వారంలో పోతారు. రుజువు లేకుండా సెంటర్ వాళ్లు గది మార్చరు, డయాలసిస్ ఆపితే ఇవాళే పోతారు. ఏసీ మూత విప్పకు, పొడి ఎగురుతుంది. పైపైన శాంపిల్ తియ్యి." చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

తొమ్మిదింపావుకి ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ యుగంధర్ లోపలికి అడుగుపెట్టాడు. గుప్పుమంది ఫినాయిల్. దాని అడుగున మూత్రం కంపు. ఛీ!

నల్లకళ్లద్దాల నర్సు హెలెన్ ఎదురొచ్చింది. డిపార్ట్‌మెంట్ ఇక్కడ పెట్టిన మనిషి. ఆమె సెంటు ఇంకో నరకం.

"గుండా, బద్దా?" గొణిగాడు.

"నాలుగు ముక్కలు."

జీడిపప్పు రకాల పేర్లతో పెట్టుకున్న కోడ్ కలిసింది.

టిఫిన్ క్యారియర్‌లో దాచిన ఎయిర్ శాంప్లర్ గదిలో గాలిని లాగింది. స్క్రూడ్రైవర్ పిడిలోంచి దూదిపుల్లలు తీసి ఏసీ మూత, గోడలు, మంచం రాడ్లు రుద్దాడు. ఒక్కొక్కటీ టెస్ట్ స్ట్రిప్‌కి అంటించాడు. పొడి ఉంటే ఎరుపు రావాలి. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

తొమ్మిది యాభై అయిదు. మొదటి మంచం మీద జాలరి సింహాద్రి కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "బేగి కానీయండి బాబూ, ఊపిరాడ్నేదు."

"అంతా క్లీన్. ఏసీ వేసెయ్యనా?" హెలెన్ రిమోట్ అందుకుంది.

గుమ్మంలో చీపురు పట్టుకున్న వరహాలమ్మ ముసిముసిగా నవ్వింది. "క్లీను కాక ఏటవుద్ది? ఆపీసరు బాబు మెకానిక్కులాగ వత్తారని పొద్దున్నే గోడలు, ఏసీ మూతా అన్నీ తుడిసీసినాను కదా!"

యుగంధర్‌కి ఒళ్లు మండింది. "ఎవరు చెప్పారు నీకు?"

"ఈ హెలెనమ్మే. ఆపీసర్లు రాకపోతే ఇక్కడ తుడవమనీది ఎవుడు?"

"తుడిచిన గుడ్డేది?"

"దొడ్డికాడ బకెట్లో పడీసినాను."

పరుగెత్తాడు. బకెట్ నిండా నల్లటి నీళ్లు, వెంట్రుకలు, జిగట, ఇంకా ఏవేవో. థూ! ఇదేం ఉద్యోగంరా దేవుడా! మోచేతిదాకా చెయ్యి ముంచి గుడ్డ లాగి, స్ట్రిప్‌కి అంటించాడు.

ఎర్రగా మారింది!

ఒక్క ఉదుటున గదిలోకి వచ్చాడు. పదికి రెండు సెకన్లు. హెలెన్ బొటనవేలు బటన్ మీదికి దిగుతోంది. పిస్టల్ తీసే టైం లేదు. చేతిలో ఉన్నది విసిరాడు. గుడ్డ ఫట్‌మని ఆమె ముఖానికి అతుక్కుంది. కెవ్వుమని అరిచి రిమోట్ వదిలేసింది.

అరగంటలో మెషీన్లను పక్క హాల్లోకి దొర్లించారు. సింహాద్రికి డయాలసిస్ మొదలైంది. ముఠాకి అమ్ముడుపోయి ఇప్పుడు పోలీసు జీపెక్కిన హెలెన్ ఇంకా కక్కుతూనే ఉంది.

యుగంధర్ ఆరోసారి సబ్బు రుద్దుకుంటుంటే వరహాలమ్మ చెంబుతో నీళ్లు పోసింది.

"మళ్లీ వచ్చీటప్పుడు ముందే సెప్పండి బాబూ, ఆ బకెట్టు కూడా కడిగీస్తాను."