మే పువ్వు గడ్డల కేసు

కార్తీక మాసంలో ఒక ఉదయం, ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో మేడమీద ఉన్న డిటెక్టివ్ స్వర్ణలత ఆఫీసుకు బట్టల వ్యాపారి గోవిందరాజులు భార్య ఆదిలక్ష్మి వచ్చింది. వస్తూనే ఇంట్లో దొంగతనం జరిగిందని చెప్పింది. అసిస్టెంటు ఫణీంద్ర నగల దొంగతనమే అనుకుని కొత్త పెన్ను తీశాడు.

పోయింది నగలు కాదు, మే పువ్వు గడ్డలు. ఫణీంద్ర ఉసూరుమని పెన్ను జేబులో పెట్టేశాడు. పెళ్లి సంబంధాల ఆరాలు తీసి తీసి అరిగిపోతున్న స్వర్ణలత బుర్రకు తగ్గ కేసు ఎప్పుడొస్తుందా అని అతను రోజూ ఎదురుచూస్తున్నాడు. స్వర్ణలత మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఆదిలక్ష్మి పుట్టిన ఊరు కొండాపురం దగ్గర. అది గండికోట రిజర్వాయరు నీళ్ల కింద మునిగిపోయింది. ఊరు వదిలేటప్పుడు అమ్మ పెరట్లోంచి తవ్వి తెచ్చుకున్నవి ఆ గడ్డలు. ఏటా మే నెలలో ఎర్రటి బంతుల్లా పూస్తాయి. ఆకులు పండిపోగానే ఆమె వాటిని తవ్వి, తడి తగలనీయకుండా మన్ను దులిపి, నీడన ఆరబెట్టి, గాయం తగిలిన చోట బూడిద అద్ది, సామాన్ల గదిలో మేకుకు తగిలిస్తుంది. ఎండలు మొదలైనాక మళ్లీ నాటుతుంది. ఈసారి తగిలించి, జమ్మలమడుగులో చెల్లెలిని చూసి వచ్చేసరికి ఒక్కటీ లేదు.

"చూసేదానికి అచ్చం ఎర్రగడ్డల మాదిరే ఉంటాయమ్మా. ఎవురన్నా తెలీక తింటే ప్రాణానికే మోసం," అంది. ఎర్రగడ్డలంటే ఆ వైపు ఉల్లిపాయలే.

ఇంకో మాట తల దించుకుని చెప్పింది. అంగడి చీరలకు ఫాల్స్ కుట్టే షాహీదాబీ ఏళ్ల తరబడి ఒక్క గడ్డ ఇమ్మని అడుగుతోంది. ఈమె ఇవ్వలేదు. గడ్డలు కనిపించకపోయేసరికి నోరు జారి, నువ్వే తీశావా అని మొహం మీదే అడిగేసింది. షాహీదాబీ సూదీ దారం సర్దుకుని వెళ్లిపోయింది, మళ్లీ గడప తొక్కలేదు.

"ఆయమ్మే తీసింటే నా గడ్డలు నాకొస్తాయేమో. తీయకుంటే తోడబుట్టినట్ల మనిషిని చేతులారా పోగొట్టుకున్నట్ల. ఏదో ఒగటి తేల్చమ్మా."

వాళ్లింట్లో తలుపు తీసింది గోవిందరాజులు. నల్ల పంచె, మెడలో అయ్యప్ప మాల. సామాన్ల గది పట్టపగలే చీకటిగా ఉంది. గోడకు రెండు మేకులు, రెండూ ఖాళీ. ఒకదాని కింద బూడిద రాలి ఉంది, రెండోదాని కింద ఎర్రగడ్డ పొట్టు. ఫణీంద్ర తలుపు గడియ, కిటికీ ఊచలు శ్రద్ధగా పరీక్షించాడు. వాటికేమీ కాలేదు.

ఆదిలక్ష్మి బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని పెట్టింది. ఉగ్గాని అంటే ఫణీంద్రకు ప్రాణం, కానీ మొదటి ముద్దకే అతని మొహం చిన్నబోయింది. మాల వేసిన ఇంట్లో ఎర్రగడ్డ ఎక్కడ దొరుకుతుంది మేడమ్, అని స్వర్ణలత చెవిలో గొణిగాడు. ఆమె చెయ్యి పళ్లెం మీదే ఆగిపోయింది.

"మాల ఎప్పుడు వేసుకున్నారు స్వామీ?" అని అడిగింది.

"ఆమె జమ్మలమడుగుకు పోయినప్పుడే."

"ఇంట్లో ఉన్న ఎర్రగడ్డలు ఏం చేశారు?"

"పారేసేదానికి మనసొప్పల్యా. పులివెందులలో మా బిడ్డ మంజుశ్రీకి పంపించినా."

స్వర్ణలత నంబరు అడిగి, పళ్లెం వదిలేసి వరండాలోకి పరుగెత్తినంత పని చేసింది. ఫోను మాట్లాడి తిరిగి వచ్చాక ఆమె మొహం తేటపడింది. షాహీదాబీని పిలుచుకు రమ్మని ఫణీంద్రను పంపింది. షాహీదాబీ వచ్చింది కానీ గేటు దాటి లోపలికి రాలేదు. దాంతో స్వర్ణలత అందరినీ వాకిట్లోకి రమ్మంది.

"దొంగ ఎవరూ లేరు," అంది. "పూల గడ్డల కోసం వచ్చిన దొంగ ఎర్రగడ్డల్ని కూడా ఎందుకు మోసుకుపోతాడు? రెండూ ఒక్క చేతి మీదుగానే పోయాయి. ఆదిలక్ష్మమ్మా, మీ గడ్డల్ని దేంట్లో వేసి తగిలించారు?"

"పాత ఎర్రగడ్డల వల సంచిలో. గాలి బాగా ఆడతాదని."

"మాల వేసుకునే ముందు స్వామికి ఫోనులో ఏం చెప్పారు?"

ఆదిలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంట్లో ఎర్రగడ్డ ఒగటి గూడా ఉండగూడదని."

గోవిందరాజులు తెల్లమొహం వేశాడు. వంటింటి గడప దాటి ఎరగని మనిషి. ఆ చీకట్లో రెండు వల సంచులు తడిమి చూసి, భార్య మాట తు.చ. తప్పకుండా రెండూ మూటగట్టి పంపేశాడు. ఆమె గడ్డల కోసం ఏడుస్తుంటే, తాను సాగనంపిన ఎర్రగడ్డలు అతనికి గుర్తే రాలేదు.

స్వర్ణలత ఫోను మళ్లీ కలిపి అందరికీ వినిపించింది. మంజుశ్రీ గొంతు నిదానంగా ఉంది. "రెండో సంచిలోది ఒగటి కోసినా అమ్మా. జిగురు కారింది, కండ్లు మాత్రం మండల్యా. ఇదేందో వేరేదని పారేసినా. కడమవి సంచిలోనే ఉండాయి. ఎవురూ తినలే."

ఆదిలక్ష్మి రెండు చేతులూ ఎత్తి దేవుడికి దండం పెట్టుకుంది. ఆ తర్వాత గేటు దగ్గరికి నడిచింది. తప్పయిపోయిందని, ఇన్నాళ్లూ ఒక్కటి ఇవ్వలేకపోయానని, ఇప్పుడు ఎన్ని కావాలంటే అన్ని తీసుకోమని చెప్పింది.

"పూలకేం అక్కా, అంగట్లో గూడా దొరుకుతాయి," అంది షాహీదాబీ. ఆమె గొంతులో ఇంకా కోపం ఉంది. "నీ ఊరు నీళ్లలో పాయ. మీయమ్మ పెట్టిన చెట్టు ఈ ఒక్క ఇంట్లోనే ఉంది. ఇది గూడా పోతే మళ్ల యాడ దెస్తావు? నా ఇంట్లో ఒగటుంటే నీకు విత్తనానికన్నా ఉంటాదని అడిగినా."

ఫణీంద్ర మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆదిలక్ష్మి షాహీదాబీ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

సాయంత్రం పులివెందుల బస్సులో సంచి వచ్చింది. ఆదిలక్ష్మి మంచివి ఏరి, సగం షాహీదాబీ ఒళ్లో పోసింది. గడ్డ మెడ మన్ను పైకి కనపడాలని, మొలక వచ్చేదాకా నీళ్లు ఎక్కువ పోయకూడదని జాగ్రత్తలు మొదలుపెట్టింది.

"తెలుసులేక్కా," అంది షాహీదాబీ, నవ్వాపుకుంటూ. "ఇన్నేండ్లు నీ పక్కన కూచోని చూస్తానే ఉండా గదా."